బొంగురు పెట్టె

లంబాడీల తీజ్ పండగ రోజు పొద్దున్నే అశ్వారావుపేటలో మెకానిక్ జంపయ్య దుకాణానికి వెళ్లిన కోటేష్‌కు ఒళ్లు మండిపోయింది. బాగుచేయమని ఇచ్చిన పెట్టెకు గిటార్ తగిలించి తీగ మీటితే, గుడిగంటలా కమ్మగా మోగింది.

అది గిటార్‌కీ స్పీకరుకీ మధ్య తగిలించి కాలితో నొక్కే పాత ఇనుప పెట్టె. కోటేష్ పుట్టకముందుది. తీగ శబ్దం దాని గుండా వెళితే చిరిగి, బొంగురుపోయి, తీజ్ పాట ఎత్తుకున్న తండా ఆడవాళ్ల గొంతులా అరిచేది. ఎండ ముదిరితే మధ్యలో ఆగిపోతోందని ఇచ్చాడంతే.

“ఏం చేసినవే అన్నా?”

“లోపల ట్రాన్సిస్టర్లు ముసలివైనయ్, కొత్తవేసిన. సౌండ్ చిరుగుతుండె, గది గూడ సాఫ్ చేసిన. చాయ్ తాగిపియ్యి.”

“చిరగడానికే గద గది! పాతవి ఏవి?”

“ఊడ్చి కాల్వల పోసిన. ఏంది, బంగారమా?”

పగిలిన మైకులు బాగుచేసి బతికే మనిషికి బొంగురు అంటే జబ్బే. ఏమని తిట్టాలి?

కోటేష్ పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రా ఓనరు ఉదయ్ భాస్కర్ మాత్రం మురిసిపోయాడు. కోటేష్ వాళ్ల తండాకు పండగ కోసం స్పీకరు కిరాయికిచ్చి, వెంట తనే వచ్చాడు. “ఇన్నాళ్లకి గిటార్‌లాగ ఉందిరా. ఇకనుంచి ఇలాగే వాయించు.” ఏ పెళ్లిలోనూ ఆ పెట్టె నొక్కనివ్వలేదాయన. తన తల్లి ద్వాలి పాడే పాట వెనక దాన్ని తండాలో ఒక్కసారైనా అరిపించాలని కోటేష్ ఏడాదంతా కాచుకున్నాడు.

సాయంత్రం గోధుమ మొలకల బుట్టల చుట్టూ ఆడవాళ్లు తిరుగుతున్నారు. గిటార్ తియ్యగా మోగింది. ద్వాలి పాట మధ్యలో ఆపేసింది.

“ఇదేంది కొడకా, టీవీ సీరియల్ లెక్కున్నది? నేను పాడ.”

 కోటేష్ గిటార్ కింద పెట్టి స్పీకరు ముందరి జాలీ పీకాడు. జేబులోని బ్లేడుతో లోపల అదురుతూ మోగే కాగితాన్ని అడ్డంగా కోశాడు.

“అరేయ్! పిచ్చెక్కిందా? నా స్పీకర్రా అది!”

“అవ్ సార్, కోసిన. రేపటిసంది నన్ను పిలువకు.”

తీగ మీటాడు. పెట్టె గొంతు కాదది, అది కాల్వలో పోయింది. కానీ చిరిగింది, గరగరలాడింది. ద్వాలి కొడుకు వంక చూసి గొంతు సవరించుకుంది.

ఉదయ్ భాస్కర్ వైరు పీకబోయాడు. పాట ఎత్తుకున్న ఆడవాళ్లు ఒకరి చేతులొకరు పట్టుకుని ఆయనకు అడ్డంగా తిరిగారు. దారివ్వలేదు.