పొడి దుక్కిలో పాస్ట్ పర్ఫెక్ట్

మొన్న పదో తరగతి పేపర్లు దిద్దుతుంటే, ఒక అమ్మాయి పాస్ట్ పర్ఫెక్ట్‌కు ఉదాహరణగా డాక్టరు వచ్చేలోపే రోగి చనిపోయాడన్న పాత వాక్యమే రాసింది. నా సర్వీసంతా ఏ గైడు తిరగేసినా ఆ రోగి చస్తూనే ఉన్నాడు, ఆ డాక్టరు ఆలస్యంగా వస్తూనే ఉన్నాడు. మార్కు వేశాను కానీ, మక్తల్‌లో ఉండే మా వదిన గుర్తొచ్చింది.

వదిన అంటే మా ఆవిడకు అక్క, అంగన్‌వాడీ టీచరు. తెలంగాణ వచ్చిన కొత్తలో సూపర్‌వైజరు పోస్టులు పడతాయని అందరూ అనుకునేవారు. ఇంగ్లీషు గట్టెక్కితే ఆ ఉద్యోగం తనదేనని ఆమె నమ్మకం. నోటిఫికేషన్ ఊసే లేదు, అయినా ఎండాకాలం సెలవులకు మక్తల్‌లోనే ఉన్న అత్తగారింటికి వెళ్లిన నా ముందు నోటుబుక్కు పట్టుకుని కూర్చుంది. గడిచిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి 'హ్యాడ్' పెట్టాలని చెప్పి, సొంతంగా ఒక వాక్యం రాయమన్నాను. ఆమె ఆ రోగి జోలికి పోలేదు. వాన రాకముందే మేము పత్తి గింజలు పెట్టేశాం అని ఇంగ్లీషులో రాసింది. 'హ్యాడ్' ఉండాల్సిన చోటే ఉంది. అయినా తప్పు కొట్టాను. వాన పడ్డాకే కదా విత్తేది, వరస తిరగబడిందన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీ నల్లగొండ దిక్కు కాలువ నీళ్లు, మర్దీ. నీకేం ఎరుక? మేం పొడి దుక్కిలనే గింజలు పెడ్తం. వానొస్తే మొలుస్తయి."

"రాకుంటే?"

"మల్ల పెడ్తం."

నా పంతులుగిరి అక్కడికి దిగిపోయింది. తప్పును ఒప్పు చేసి పుస్తకం తిరిగిచ్చాను. ఆమె అలాగే నాలుగు వేసవులు చదివింది. పగలు పిల్లలకు గుడ్లు పంచి, సాయంత్రం చేనికి పోయి, మధ్యలో దొరికిన జర్రంత సేపట్లో చదివేది. చివరికి నోటిఫికేషన్ వచ్చింది. సడలింపులన్నీ కలుపుకున్నా ఆమెకు వయసు ఎనిమిది నెలలు ఎక్కువైంది.

ఆ సంగతి ఫోన్‌లో ఆమే చెప్పింది. ఇంకో దారి చూద్దాం వదినా అన్నాను.

"గింజలైతే మల్ల పెడుదుము మర్దీ. వయసు యాడికెల్లి తెద్దం?" అంది.

నాకు చాలా బాధేసింది. ఇప్పుడు క్లాసులో నేను చెప్పే ఉదాహరణ ఆమె పత్తి గింజలదే. ఏది ముందు, ఏది తర్వాత అని పిల్లలకు రోజూ చెబుతూనే ఉన్నాను. కాలం మాత్రం ఆ వరస ఎవరినీ అడిగి పెట్టదు.