ఐదు బెంచీల ఇంగ్లీషు మాట

అరవైల మొదట్లో, రాయదుర్గం దగ్గర ఒక స్కూల్లో నేను టెంపరరీ ఇంగ్లీషు టీచరుగా చేరిన ఏడాదే వానలు మొహం చాటేశాయి. మా చేను బీడుపడింది. ఇంటిల్లిపాదీ నా జీతం మీదే బతకాలి. ఆ జీతం నిలవాలంటే ఇన్‌స్పెక్టరు వచ్చి, పాఠం చూసి, నన్ను పర్మనెంటు చేయాలి.

మా హెడ్మాస్టరుకు ఇంగ్లీషు మీద మహా పట్టు. ఆ పట్టుకు ఇంగ్లీషుకే ఊపిరాడేది కాదు. పొడుగు మాటను ముక్కలు చేసి బెంచీకొకటి పంచేవారు. ఎగ్జామినేషన్ అంటే మొదటి బెంచీకి ‘ఎగ్’, రెండోదానికి ‘జా’, తర్వాత ‘మి’, ‘నే’, ‘షన్’. బెత్తం ఎటు తిరిగితే ఆ బెంచీ అరవాలి. ఊనిక, అంటే మాటలో గట్టిగా నొక్కి పలికే చోటు, ‘నే’ మీద పడుతుంది కాబట్టి దాన్ని నాలుగో బెంచీలోని కూలీల, గొర్రెల కాపరుల పిల్లలకిచ్చారు. మందల్ని అదిలించిన గొంతులు కదా!

“ఇందులో ‘ఎగ్జామిన్’ అనే మాటుండాది సార్. దానికి తోక తగిలిస్తే పరీక్ష అయితాది. పిల్లోళ్ళకు అది చెప్తాం” అన్నాను.

“అర్థాలు పై క్లాసులో చూసుకుంటార్లేప్పా” అన్నారాయన.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు నాలుగో బెంచీ ఖాళీ. పిల్లలంతా అమ్మానాన్నలతో కరువు పనికి, రోడ్డుకు కంకర కొట్టడానికి పోయారు. హెడ్మాస్టరు బెత్తం తిప్పారు. ‘ఎగ్’, ‘జా’, ‘మి’ అయ్యాక గదంతా నిశ్శబ్దం. ఆ తర్వాత ‘షన్’.

“మధ్యలో ఏమైంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఆ ముక్కోళ్ళు రాలేదు సార్” అంది చివరి బెంచీలోని పిల్ల.

మహానుభావుడు పద్ధతిని తెగ మెచ్చుకున్నాడు. లోపమంతా హాజరులోనే ఉందట! “ఊనికను మొదటి బెంచీకి మార్చండి. షావుకార్ల పిల్లలు, రోజూ వస్తారు” అన్నాడు. హెడ్మాస్టరు తల ఊపిన ఊపుకు కళ్ళజోడు జారింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “బడికొచ్చేటోళ్ళను బట్టి మారేది కాదు సార్ అది. మాటలో యాడుండాదో ఆడనే ఉంటాది” అన్నాను.

“మీరు పర్మనెంటా?”

“కాదు సార్.”

“సరే.”

ఆ ‘సరే’తో నా ఉద్యోగం ఊడింది. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను.

“వాళ్ళు ఎట్ల పలికితే మనకేమిరా? నువ్వూ తలూపింటే సరిపోయేది గదా” అన్నాడు.

నాకు కోపం ఇంకా దిగలేదు. మరుసటి సోమవారం ఆయనతో పాటు కంకర కొట్టడానికి పోయాను. నాలుగో బెంచీ మొత్తం అక్కడే ఉంది.