ప్రూఫుల అక్క చూసిన కారు

అచ్చాఫీసులో ఆమెను అందరూ ప్రూఫుల అక్క అంటారు. ముప్పై ఏళ్లుగా ఇతరుల తప్పులు దిద్దుతూ, సొంతానికి ఒక్క తప్పయినా చేసే తీరిక లేకుండా బతికిన మనిషి. అలాంటిది, యాభై రెండో ఏట ఒక పాత కారు మీద మనసు పడింది.

కళ్ల డాక్టరుగారు పోయి ఆరేళ్లయింది. మూతపడిన ఆసుపత్రి వెనక, రేకుల షెడ్డులో ఆయన కారు టార్పాలిన్ కింద అలాగే పడి ఉంది. గుండ్రటి ముక్కు, పైకి తేలిన రెండు లైట్లు. అమ్మేస్తానంది ఆయన భార్య.

"ధర తర్వాత మాట్లాడుకుందామమ్మా. ముందు కాగితాలు చూపిస్తారా?" అంది అక్క.

మర్నాడు మెకానిక్ పని చేసే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. తలుపుల అంచుల వెంట అయస్కాంతం జరిపి చూసింది. ఇనుమున్న చోట అతుక్కుంది, లప్పం పూసిన చోట జారిపోయింది. గోనెపట్టా పరుచుకుని టార్చితో కారు కిందికి దూరింది. అడుగు రేకులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఇంజను మాత్రం చేత్తో తిప్పితే తిరిగింది.

చాసిస్ నంబరు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఇనుము మీద ఎనిమిది ఉన్నచోట కాగితంలో మూడు ఉంది.

"దొంగబండైనా అయ్యుండాలి, రెండు బళ్లు కలిపి అతికిందైనా అయ్యుండాలి. వదిలెయ్యక్కా, లేనిపోని తలనొప్పి," అన్నాడు తమ్ముడు.

డాక్టరుగారి భార్య ముఖం చిన్నబోయింది. "ఆయన అలాంటి మనిషి కాదండీ," అని మాత్రం అంది.

ఆ ముఖం అక్క మనసులోంచి పోలేదు. సెలవు పెట్టి రవాణా ఆఫీసు చుట్టూ తిరిగింది.

"కొనని బండికి ఇంత హైరానా ఎందుకమ్మా మీకు?" అని విసుక్కున్నాడు గుమస్తా.

"కొనాలో వద్దో తేలాలి కదా బాబూ."

మూడోరోజున అతనే జాలిపడి పాత రిజిస్టరు కిందికి దింపాడు. మొదటి నమోదులో ఎనిమిదే ఉంది. తర్వాతెప్పుడో కొత్త కాగితం రాసిచ్చినవాడు, సిరా అలుక్కుపోయిన ఆ అంకెను మూడనుకున్నాడు.

"ఈ సంగతి ఆవిడకి చెప్పకక్కా. సగం ధరకే ఇచ్చేస్తుంది," అన్నాడు తమ్ముడు దారిలో.

"తప్పని తెలిసీ ఊరుకోమంటావా? ఆ పని నాకు చేతకాదురా."

నకలు తీసుకెళ్లి డాక్టరుగారి భార్య చేతిలో పెట్టింది. "ఇప్పుడు లెక్క సరిపోయిందమ్మా. పాతకార్లు పోగుచేసేవాళ్లు నాకంటే బాగా ఇస్తారు, అడిగి చూడండి."

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, కళ్లద్దాలు తుడుచుకుంది.

వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసింది. "ఇద్దరొచ్చారు. ఒకాయన దాన్ని హోటలు ముందు పూలకుండీల మధ్య నిలబెడతాడట. ఇంకొకాయన లోపలికి తొంగిచూసి ముక్కు మూసుకున్నాడు. నువ్వెప్పుడొస్తావమ్మా?"

అప్పుడూ అక్క వెంటనే సరే అనలేదు. మార్చాల్సిన రేకులు, దొరకని విడిభాగాలు, పట్టే కాలం, అన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. మొదటినుంచి చివరిదాకా చదివింది. మడిచి పక్కన పెట్టి, వెళ్లి కొనేసింది.

పదిహేను నెలలకు కారు కదిలింది. డాక్టరుగారి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరితే, మొదటి మలుపు తిరగ్గానే ఆగిపోయింది. తమ్ముడు గొణుక్కుంటూ వెనకనుంచి తోస్తున్నాడు.

"ఆయనున్నప్పుడూ ఇంతేనమ్మా," అంది ఆవిడ. "సరిగ్గా ఈ మలుపు దగ్గరే."

లోపల ఇద్దరూ పడీపడీ నవ్వారు.