చప్పుడు లేని మెషీన్

ఆ రోజుల్లో నేను ఇంగ్లండ్‌లో, లండన్‌కి కాస్త దూరంగా ఉన్న స్టీవెనేజ్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో కంప్యూటర్ల బాగోగులు చూసేదాన్ని. వారమంతా అదే పని. శనివారం వస్తే లండన్‌లోని వెంబ్లీ వెళ్ళి మళ్ళీ అదే పని. అక్కడ గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ, అంకుల్ చిన్న కేర్ ఏజెన్సీ నడిపేవారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపి స్నానం చేయించడం, మందులు వేయించడం, ఇంత తినిపించడం వాళ్ళ వ్యాపారం. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే ఒక గదిలో అద్దెకున్నాను. జ్వరం వస్తే ఆంటీ జావ కాచి మంచం దగ్గరికి తెచ్చి ఇచ్చింది. అలాంటి మనిషి "శనివారం ఒక్కసారి వచ్చిపోమ్మా" అంటే కాదనడానికి నోరు రాదు. తీరా బయలుదేరితే సగం శనివారాలు రైళ్ళుండేవి కావు. పట్టాలు బాగు చేస్తున్నామని చెప్పి బస్సు ఎక్కించేవారు. కిటికీకి తల ఆనించి నిద్రపోతూ వెళ్ళేదాన్ని.

వాళ్ళ ఆఫీసు ఒక మిఠాయి దుకాణం పైన రెండు గదులు. ముందు గదిలో వాళ్ళమ్మాయి కూర్చుని ఫోన్లు ఎత్తేది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మనం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేది. వెనక గదిలో మూడు పాత కంప్యూటర్లు ఉండేవి. ఒకదాంట్లో పనివాళ్ళ డ్యూటీల పట్టిక, అదే రోటా, ఒకదాంట్లో జీతాలు, ఇంకోదాంట్లో మిగతా కాగితాలన్నీ. ఒకటి బాగు చేస్తే మరొకటి మూలపడేది. చలికాలంలో ఒక సోమవారం పొద్దున రోటా ఉన్న మెషీన్ పూర్తిగా చచ్చిపోయింది. ఎవరు ఏ ఇంటికి వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు. ఆంటీ అప్పటికింకా హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేస్తూనే ఉంది. డ్యూటీ దిగి, ఒంటిమీది యూనిఫాంతోనే కారేసుకుని తనకు గుర్తున్న ఇళ్ళన్నీ తిరిగింది.

ఆ వారమే ఫోన్లో అంకుల్‌కి చెప్పాను. ఇలా మూడు ముసలి మెషీన్లను మోస్తూ ఉండలేం, మంచిది ఒకటే సర్వర్ కొందాం, దాని లోపల మూడింటినీ దేనికది విడి కంప్యూటర్‌లా నడిపించవచ్చు అని. ఏం చూసి కొనాలో కూడా చెప్పాను. ప్రాసెసర్ మరీ గొప్పది అక్కర్లేదు, మెమరీ మాత్రం ధారాళంగా ఉండాలి. డిస్కులు జతగా ఉండాలి, ఒకటి పోయినా రెండోది పని చేస్తూ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చప్పుడు లేనిదై ఉండాలి, పక్క గదిలోనే ఫోన్లు కాబట్టి. అంకుల్ ప్రతి మాటకూ "సరే సరే" అన్నాడు. నేను అప్పటికే అలసిపోయి ఉన్నాను. మళ్ళీ చెప్పించుకోలేదు కదా అని సంతోషించి ఫోన్ పెట్టేశాను.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి మెషీన్ వచ్చేసి ఉంది. ఏదో పెద్ద కంపెనీ వదిలించుకున్న పాత సర్వర్‌ను అంకుల్ ఆన్‌లైన్‌లో వేలం పాడి తెప్పించాడు. బల్ల మీద పొడుగ్గా, పలచగా, ఇనప చపాతీల పీటలా ఉంది. అలాంటివి మనుషులు కూర్చోని గదుల్లో, అల్మరాల్లో వరసగా పెట్టుకునే రకం. అంకుల్ అప్పటికే దాన్ని గుడ్డతో తుడిచి మెరిపించాడు.

"రెండు ప్రాసెసర్లంట అమ్మా. నువ్వు చెప్పినదానికన్నా మెమరీ ఎక్కువే ఉంది. ఎట్టా ఉంది?"

ఆయన మొహం వెలిగిపోతోంది. ముందు పెట్టి చూద్దాం అనుకుని స్విచ్ వేశాను. గదిలో విమానం లేచినట్టయింది. అలాంటి మెషీన్లు మొదట్లో అరిచి తర్వాత సర్దుకుంటాయి. ఇదీ సర్దుకుంది, కానీ హెయిర్ డ్రయర్ నడుస్తున్నంత మోత మిగిలింది. లోపలి ఫ్యాన్లు చిన్నవి, వేగం తగ్గించే దారేదైనా ఉందేమోనని సెట్టింగులన్నీ వెతికాను. లేదు. ముందు గదిలోంచి వాళ్ళమ్మాయి ఒక చెవిలో వేలు పెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది.

"ఐ కాంట్ హియర్ ఎనీథింగ్!" అని అరిచి వెళ్ళిపోయింది.

అంకుల్ సర్వర్ మీద చెయ్యి వేసి నిలబడి నవ్వుతున్నాడు. "చూశావా, ఎంత నిమ్మళంగా నడస్తందో. చప్పుడే లేదు."

వేళాకోళం అనుకున్నాను. ఆయన కళ్ళలోకి చూస్తే కాదని తెలిసింది. ఆ మోత ఆయనదాకా రావడమే లేదు.

అప్పుడే ఆంటీ మెట్లెక్కి వచ్చింది. అంకుల్ వీపు గుమ్మం వైపు ఉంది. "ఏమండీ, ఏందీ మోత?" అంది. ఆయన కదల్లేదు. "ఏమండీ!" అని ఇంకా గట్టిగా పిలిచింది. ఆయన మెషీన్ ముందున్న పచ్చలైటునే చూస్తున్నాడు. ఆంటీ మూడోసారి పిలవలేదు. నా వైపు చూసింది. ఆమె ఎన్నో ఏళ్ళుగా ముసలివాళ్ళ వార్డులో పని చేస్తోంది. వేరే వాళ్ళ మొగుడైతే ఆ వార్డు గుమ్మంలో అడుగు పెట్టగానే చెవులు వినపడవని కనిపెట్టి ఉండేది.

"దాన్ని ఆపమ్మా" అంది.

ఆపేశాను. గది ఒక్కసారిగా బోసిపోయింది. ఆంటీ వచ్చి అంకుల్ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆయన మొహానికి సూటిగా, నోరు బాగా తెరుస్తూ అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి వినపడట్లా?"

"ఏందీ?"

"నేను అడిగింది మీకు తెలిసింది."

అంకుల్ గుడ్డతో సర్వర్ అంచు మళ్ళీ తుడిచాడు. నేను బయటికి వెళ్ళబోతుంటే ఆంటీ ఉండమన్నట్టు చెయ్యి చూపింది. తనతో పాటు ఇంకొకరుంటే ఆయన తప్పించుకోడని కాబోలు.

"ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండోది కొద్దికొద్దిగా పోతంది" అన్నాడు చివరికి. "మొహం చూస్తా మాట్లాడితే తెలిసిపోద్ది. ఫోన్లోనే కష్టం. అందుకే అమ్మాయికి ఇచ్చేశా."

అంతకుముందు ఫోన్లు చూసేది ఆయనే. తన ఇంగ్లీషు యాస ఇక్కడివాళ్ళకు అర్థం కావడం లేదని చెప్పి మానేశాడు. అందరం అదే నమ్మాం.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా" అంది ఆంటీ.

"ఎప్పుడు చెప్పేది? నువ్వు ఇంటికొచ్చేసరికి నేను ఇక్కడుంటా. నేను వచ్చేసరికి నువ్వు నిద్రపోతంటావు. నిద్ర లేపి చెప్పనా, నాకు వినపడట్లేదని?" గుడ్డ మడిచి పక్కన పెట్టి, "ఫోన్లు పోయినాక ఇక్కడ నాకు పనేముంది? ఈ మెషీనన్నా నా చేత్తో నేను కొందామనుకున్నా" అన్నాడు.

ఆంటీ ఏడవలేదు, కోప్పడలేదు. అలసిపోయిన మనిషి ఇంకో పని మీద పడినప్పుడు చూసే చూపు చూసింది. బూట్లు విప్పుకుని పాదాలు నొక్కుకుంటూ, "సోమవారం మన జీపీ డాక్టరు దగ్గరికి పోదాం" అంది. అంకుల్ తలూపాడు. నేను ఫోన్లో చెప్పిన మాటల్లో ఆయనకు ఎన్ని వినపడ్డాయో అడగాలనిపించింది గానీ అడగలేదు.

ఆ డాక్టరు చెవుల పరీక్షకు హాస్పిటల్‌కి రాశాడు. హాస్పిటల్ నుంచి పిలుపు రావడానికి వారాలు పట్టింది. ఆలోగా చచ్చిన మెషీన్‌ను ఎలాగో లేపి, పాతవాటికే అతుకులు వేసుకుంటూ వచ్చాను. వేలంలో వచ్చిన సర్వర్‌ను వెనక్కి తీసుకోమని అంకుల్ అడిగితే అమ్మినవాడు జవాబే ఇవ్వలేదు. కనీసం దాని మెమరీ అయినా ఊడదీసి తర్వాత కొనబోయేదాంట్లో వేద్దామంటే, రకమే వేరు, సరిపోదు. బల్ల కింద పెట్టి, దానిమీద ప్రింటర్ కాగితాల కట్టలు పేర్చారు.

వినికిడి యంత్రాలు పెట్టాక ఆయన బాగుపడిపోతాడని అనుకున్నాం. అది అంత తేలిక కాలేదు. చెంచా పళ్ళేనికి తగిలినా ఉలిక్కిపడేవాడు. మధ్యాహ్నానికి తల నొప్పెట్టి తీసి జేబులో వేసుకునేవాడు. "ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నా" అని విసుక్కునేవాడు. ఇంట్లో గొడవలు కూడా పెరిగాయని ఆంటీ చెప్పింది. ఇదివరకు తను గొణుక్కున్నవన్నీ ఇప్పుడు ఆయనకు వినపడుతున్నాయట.

సర్వర్ మాత్రం ఇద్దరం కలిసే ఎంచాం. ఒక శనివారం ఆఫీసులో పక్కపక్కన కూర్చుని, నా మొహం ఆయనకు కనపడేలా తిరిగి, ఒక్కో సంగతీ మాట్లాడుకున్నాం. నిలువుగా ఉండే డబ్బాలాంటిది, పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేది చూశాం. ప్రాసెసర్ ఒక్కటే. మెమరీ ఆ మెషీన్ పట్టినంతా వేయించాం. డిస్కులు రెండు జతలు. చెడిపోతే మర్నాటికల్లా మనిషి వచ్చి బాగు చేసే ఒప్పందం ఉండాలని పట్టుబట్టింది అంకులే. "నువ్వెన్నాళ్ళని ఆ బస్సుల్లో తిరుగుతావు?" అన్నాడు. నా శనివారాల గురించి ఆలోచించిన మొదటి మనిషి ఆయనే. వెంటనే కరెంటు పోతే ఎలా అన్న విషయంలోకి వెళ్ళిపోయాను. దానికి ఒక బ్యాటరీ పెట్టె కూడా రాసుకున్నాం.

కొత్త సర్వర్ బిగించిన రోజు పాత కంప్యూటర్లలోని సరుకంతా కొత్తదాంట్లోకి మార్చడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తెర మీద పచ్చగీత చీమలా పాకుతోంది. ఆంటీ నైట్ డ్యూటీ దిగాక సరిగా పడుకోకుండానే చూసిపోదామని వచ్చి, మెషీన్ పక్కనున్న కుర్చీలోనే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. అంకుల్ తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ముందు గదిలో ఫోన్ మోగితే లేచి వెళ్ళి మధ్య తలుపు దగ్గరగా వేశాడు. అది సరిగా పడకపోతే ఒక కుర్చీ లాగి అడ్డం పెట్టి వచ్చాడు.

"ఇంకెంతసేపు?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"సాయంత్రం అవుతుంది అంకుల్."

"అయితే నువ్వు వెళ్ళమ్మా. ఏమన్నా ఆగితే ఫోన్ చేస్తా. నేనే చేస్తా."

నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. సరేనని బ్యాగు తగిలించుకుని, ఆంటీ లేవకుండా మెట్ల మీద మెల్లగా అడుగులు వేస్తూ కిందికి దిగాను. బయట సన్నగా వాన పడుతోంది. బస్సు కోసం జనం అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు.