ఉట్టి కింద చేతులు

బర్మాలో, యాంగోన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, మా వీధి కుర్రాళ్లు ఏటా కృష్ణాష్టమికి ఉట్టి కొడతారు. రెండేళ్ల క్రితం మా పదేళ్ల లక్ష్మి తానే పైకెక్కి కుండ కొడతానని పట్టుబట్టింది.

అప్పట్లో మా మేడమీద మోంసె అనే టీచరమ్మ అద్దెకుండేది. ఆవిడది స్పెయిన్‌లోని కాటలోనియా. అక్కడ పండగలకు ఒకరి భుజాలమీద ఒకరు నిలబడి మనుషులే గోపురం కడతారట. అన్నిటికంటే పైన పిల్లలే ఉంటారట. ఆవిడ కుర్రాళ్ల నడుములకు నా పాత చీరలు బిగించి కట్టింది, ఎక్కేవాళ్ల పాదానికి పట్టు దొరకాలని. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆడవాళ్లందరినీ కూడా లోపలికొచ్చి, కుర్రాళ్ల చుట్టూ ఒకరినొకరు ఆనుకుని, చేతులు పైకెత్తి నిలబడమంది.

"ఇదేటి! ఉట్టికాడ ఆడోళ్లం దూరంగానే ఉంటాం గదా!" అని విసుక్కున్నాను.

ఆవిడ బర్మా భాషలో, "కింద నీ చేతులు లేకపోతే నీ కూతుర్ని పైకి పంపను" అంది.

గొణుక్కుంటూనే వెళ్లి నిలబడ్డాను.

లక్ష్మి పైకెక్కి కర్ర ఎత్తిందో లేదో, కింద ఒకడి మోకాలు వణికింది. అందరూ కూలిపోయారు. నేను కళ్లు మూసేసుకున్నాను. తెరిచేసరికి నా బిడ్డ మా అందరి చేతులమీద వెల్లకిలా పడి నవ్వుతోంది. మా మధ్యే చేతులెత్తి నిలబడ్డ మోంసెకు పిల్ల మడమ తగిలి పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"అమ్మా, మళ్లీ ఎక్కుతానే!" అంది లక్ష్మి.

మోంసె తన దేశం వెళ్లిపోయింది. ఆవిడకు సరిగ్గా దండం కూడా పెట్టలేదు నేను. కానీ ఈ ఏడు ఉట్టి దగ్గర కొత్త కోడళ్లు దూరంగా నిలబడితే, చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది నేనే.

— సత్యవతి, యాంగోన్