రెండో ముద్ద

అంచెట్టి దారిలో రాగిచేను గట్టున ఉన్న, వీరుడి బొమ్మ చెక్కిన రాయికి నంజమ్మ ప్రతి సోమవారం నూనె పూస్తుంది. బిడ్డకు తలంటినట్టు పైనుంచి కిందికి అరచేత్తో రుద్దుతుంది. ఆమె అత్త, ఆ అత్తకు అత్త పూసిన నూనె కూడా దాని మీదే నల్లగా గడ్డకట్టి ఉంది. చివర్లో ఒక సంగటిముద్ద పెట్టి, "తినప్పా" అని వచ్చేస్తుంది.

మొన్న పురావస్తు శాఖ నుంచి తనూజ అనే అమ్మాయి వచ్చి, ఆ జిడ్డంతా మూడు రోజులు ఓపిగ్గా తీసింది. చుట్టూ కంచె వేయించి, ఇకమీద నూనె పూయొద్దంది. నంజమ్మ జిడ్డు చేతులు కొంగుకు తుడుచుకుంది. అప్పుడు తనూజ వీరుడి కాళ్ల దగ్గర బయటపడిన చిన్న బొమ్మను చూపించింది. "కుక్కమ్మా. ఆవుల దొంగలతో కొట్లాడి ఆయప్పతోపాటు ఇదీ చచ్చిపోయిందంట. ఈడ రాసుండాది." నంజమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఇన్నేండ్లూ దీన్ని మేమే నూనెతో మూసేసినామే! నువ్వొచ్చి చూపిస్తివి తల్లీ, నీ కడుపు చల్లగుండ" అంది. మరుసటి సోమవారం ఆమె నూనె తేలేదు. కంచె బయట ఆకు పరిచి రెండు ముద్దలు పెట్టి, కుక్క వైపు చూసి చెప్పింది: "ముందు నువ్వు తిను. ఆయప్ప ఇన్నాళ్లూ తింటానే ఉండాడు."