నడిమి గీతకు అటువైపు

మా అన్నయ్యా నేనూ విజయవాడలో ఇరవై ఎనిమిదేళ్లు కలిసి వడ్రంగం చేశాం. తలుపులు, అలమారాలు, బెంజ్ సర్కిల్ ఆఫీసులకు బల్లలు. పని ఏదైనా ముందు అన్నయ్య పెన్సిల్‌తో నట్టనడుమ ఒక గీత గీసేవాడు. ఆయనది ఎడమచేతి వాటం. గీతకు ఎడమవైపు ఆయనది, కుడివైపు నాది. ఎవరి వైపు స్క్రూలు వాళ్లే బిగించాలి, వాటి తలల మీద లప్పం వాళ్లే పెట్టాలి. గీత దాటి చెయ్యి పెడితే తిట్లే. రంగు ఒక్కటే రెండు వైపులా నేను వేసేవాణ్ణి. ఆ వాసన ఆయనకు పడదు. తర్వాతెప్పుడైనా తలుపు కిర్రుమన్నా, సొరుగు ఇరుక్కున్నా ముందు చూసేది అది ఎవరి వైపని. "నీ వైపేరా" అని ఆయన, "కాదు, నీ వైపే" అని నేను. అరగంట అదే గొడవ.

వరద వచ్చిన ఏడాది మా షెడ్డులో నడుం లోతు నీళ్లు నిలిచాయి. రెండు రోజులు మేడ మీద కూర్చుని, కనపడిన ప్రతి పడవకీ చేతులు ఊపాం. "ఊరందరికీ తలుపులు చేశాం. మనకో పడవ చేసుకోలేకపోయామేంట్రా" అన్నాడు అన్నయ్య. నీళ్లు తీశాక ఆయనే ప్లైవుడ్ తెచ్చాడు. ముక్కలన్నీ కోశాడు, కొనాల్సిన వాటికి చీటీ రాశాడు. ముక్కలు కూర్చేలోపే గుండెపోటుతో పోయాడు.

వదిన పామర్రులో పుట్టింటికి వెళ్లిపోతూ, "ఆ చెక్కలు ఎవరికైనా ఇచ్చెయ్ మరిదీ" అంది. నాకు ఒళ్లు మండింది. "నేనొక్కణ్ణే చేస్తాను. మీ ఇంటి ముందు కాలవలో తేలించి చూపిస్తాను, చూడు" అన్నాను. నోరు జారానని అప్పుడే తెలుసు. కానీ అది అన్నయ్య చేత్తో మొదలుపెట్టిన చివరి పని. అది నీళ్ల మీద తేలితే తప్ప నా మనసు కుదుటపడదు.

ఒక్కడు చేసే పని కాదది. ప్లైవుడ్‌ను పడవ ముక్కు వైపు వంచి ఈ చివర అదిమితే ఆ చివర లేచి కూర్చుంటుంది. ఇంతకుముందు "పట్టు" అంటే చాలు, అటు పట్టుకునే మనిషి ఉండేవాడు. ఇప్పుడు తాళ్లు, క్లాంపులు, ఇసుక సంచులు. పక్క షాపాయన ఒకసారి వచ్చి "ఓ చెయ్యి వెయ్యనాండీ" అన్నాడు. "అక్కర్లేదండీ" అన్నాను. ఆయన మళ్లీ రాలేదు. టీ కొట్టు నుంచి అలవాటుగా రెండు గ్లాసులు వచ్చేవి, రెండూ నేనే తాగేవాణ్ణి. చివరికి ఒకటే చాలని చెప్పాను. ఒక్క గ్లాసు వచ్చిన రోజు పని చెయ్యబుద్ధి కాలేదు.

చివర్లో అడుగు చెక్క. నేనే నడుమ గీత గీశాను. చుట్టూ జిగురు రాసి, క్లాంపులు వేసి, ఇత్తడి స్క్రూలు బిగించాను. లప్పం పెట్టి రంగు వేసేశాక చూస్తే ఒక స్క్రూల పొట్లం విప్పకుండా అలాగే ఉంది. వన్ టౌన్ దాకా వెళ్లి, ఎక్కువ అంటగట్టాడని స్క్రూలు అమ్మినాయనతో తగువు పెట్టుకున్నాను.

"మీ అన్నయ్యగారి చీటీలో రెండు పొట్లాలనే ఉందండీ" అన్నాడాయన.

పోయిన మనిషిని కూడా నేను వదల్లేదు. ఎప్పుడూ ఎక్కువే రాస్తాడని దారంతా అన్నయ్యనే తిట్టుకుంటూ వచ్చాను.

పడవను ట్రాలీ ఆటోలో పామర్రు తీసుకెళ్లాను. కాలవ గట్టు మీద వదిన కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. పడవను నీళ్లలోకి తోసి ఎక్కాను. తేలింది. గర్వంగా వదిన వైపు చూశాను. నాలుగు బారలు వెళ్లానో లేదో కాళ్లకు చల్లగా తగిలింది. ఎడమ అంచున జిగురు వదిలేసి నీళ్లు పైకి ఉబుకుతున్నాయి.

"అన్నయ్యా, నీ వైపే కారుతోంది చూడు" అని గట్టిగా అరిచాను.

నా నోట్లోంచి ఏమొచ్చిందో అప్పుడు తెలిసింది.

పడవను గట్టుకు లాగి, బోర్లించి, జేబులో ఉన్న చిన్న ఉలితో రంగు గీకాను. ఎడమవైపు ముందు నుంచి వెనక దాకా ఒక్క స్క్రూ లేదు. ఎలా కనపడలేదని అడక్కండి. నా చేతులు గీత దాకా వచ్చి ఆగిపోయాయి. మిగతాది ఆయన చూసుకుంటాడని వదిలేశాయి.

వదిన ఆ అంచు మీద వేలు పెట్టి నిమిరింది. "అది ఆయన వైపు కదా మరిదీ" అంది.

ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. వదిన వెళ్లి ఆటోలోంచి నా పనిముట్ల సంచీ తెచ్చింది. పొట్లం అందులోనే ఉంది. అంచు తుడిచి ఆరనిచ్చి, కొత్తగా జిగురు రాసి, "పట్టు" అన్నాను. అవతలి చివర వదిన పట్టుకుంది. గీత దాటి అన్నయ్య నిలబడే చోట నిలబడ్డాను. అటునుంచి నాకు చెయ్యి తిరగదు. మొదటి స్క్రూ కాస్త వంకరగా దిగింది. అలాగే వదిలేశాను. ఇక ఏ వైపు కారినా తిట్లు తినాల్సింది నేనే. తిట్టేవాడే లేడు.